ఏడో నంబరు క్వార్టర్‌లో పెళ్ళి

గడ్డం కత్తి పట్టుకున్నవాడికి శుభవార్త చెప్పేటప్పుడు కాస్త వెనకాముందూ చూసుకోవాలి. కర్నల్ గారి భార్య ఒరథై మేడమ్‌కి ఆ ఇంగితం లేకపోయింది. సోంబత్ ఒక కార్పొరల్ మెడ వెనక నురగ పూసి కత్తి ఆనించాడో లేదో, ఆవిడ కటింగ్ షాపు తలుపు తోసుకుని వచ్చి, "సోంబత్! నీ పెళ్ళి ఖాయం చేసేశాను!" అంది.

కత్తి జారింది. కార్పొరల్ "అబ్బా!" అన్నాడు. గీసుకున్నది చిన్నదే. కానీ పాతికేళ్ళలో సోంబత్ చెయ్యి తొణకడం ఆ క్యాంపులో ఎవరూ చూడలేదు.

"ఎవరి పెళ్ళి మేడమ్?" అన్నాడు, దూది కోసం వెతుక్కుంటూ.

"ఎవరిదేమిటయ్యా? నీదీ, సార్జెంట్ థవిన్‌దీ! ఇరవై మూడో తారీకు నుంచి మగవాళ్ళు మగవాళ్ళని, ఆడవాళ్ళు ఆడవాళ్ళని చేసుకోవచ్చు కదా. ఆ రోజు తాలూకా ఆఫీసులో పెద్ద వేడుక చేస్తున్నారు. మన క్యాంపు తరఫున కూడా ఒక జంట ఉంటే బాగుణ్ణని కర్నల్ గారితో అన్నాను. ఆయనేమన్నారో తెలుసా? 'ఉంటే ఏమిటి, ఉన్నారుగా, ఏడో నంబరు క్వార్టర్లో!' అన్నారు." ఆవిడ మొహం వెలిగిపోతోంది. "ఇకమీదట ఆస్పత్రి, పెన్షను, ఏదైనా సరే, సైనికుడి భార్యకి ఎలాగో నీకూ అలాగే. ఇన్నేళ్ళు కాపురం చేసి కాగితం మీద ఆయనకి నువ్వు ఏమీ కాకుండా ఉండటం, అదేం అన్యాయం చెప్పు?"

బెంచీ మీద కూర్చున్న సిపాయిలు ఈలలు వేశారు. "బాబాయ్, మీ ఇద్దర్లో పెళ్ళికూతురెవరు?" అని ఒకడు. "నోర్ముయ్‌రా వెధవా, ఇద్దరూ పెళ్ళికొడుకులే!" అని ఇంకొకడు. మెడ తెగిన కార్పొరల్ కూడా నవ్వుతున్నాడు.

"రేపు సాయంత్రానికల్లా ఇద్దరి గుర్తింపు కార్డులూ మా ఇంటికి తెచ్చివ్వండి. మిగతాదంతా నేను చూసుకుంటాను," అని ఒరథై వెళ్ళిపోయింది.

ఇంకొకడైతే ఆ మాటకి ఆవిడ కాళ్ళ మీద పడి ఏడ్చేవాడు. సోంబత్‌కి గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. ఎందుకంటే సార్జెంట్ థవిన్‌కి పెళ్ళయి అప్పటికి ఇరవై ఏడేళ్ళు. పెళ్ళికూతురు సోంబత్ సొంత అక్క, లమై.

అప్పట్లో థవిన్ కార్పొరల్. సోంబత్ లోప్‌బురి ఊరి బజార్లో కుర్చీ వేసుకుని కటింగులు చేసేవాడు. ఇద్దరికీ ఒక గూడు కావాలి. క్యాంపులో క్వార్టర్ ఇవ్వాలంటే పెళ్ళి సర్టిఫికెట్ కావాలి. పైగా ముప్ఫై దాటిన సైనికుడు పెళ్ళి మాటెత్తకపోతే తోటివాళ్ళ నోళ్ళు ఊరుకునే కాలం కాదది. ఒకరోజు లమై అన్నం తింటూ తింటూ, "నేను చేసుకుంటాలే. కాగితమ్మీదే కదా, నా సొమ్మేం పోయింది?" అంది. తాలూకా ఆఫీసులో సాక్షి సంతకం సోంబతే పెట్టాడు. తను ప్రాణం పెట్టుకున్న మనిషి పెళ్ళికి తనే సాక్షి! బయటికొచ్చి ముగ్గురూ బాతు నూడుల్స్ తింటూ కడుపులు పట్టుకుని నవ్వారు. ఆ వయసులో అన్నిటికీ నవ్వే వస్తుంది.

పోయిందల్లా లమైకే పోయింది. నాలుగేళ్ళ తరవాత ఖచోన్ అనే బస్సు డ్రైవరు ఆమెని చేసుకుంటానని వచ్చాడు. విడాకులంటే క్వార్టర్ పోతుంది, ఎందుకని పదిమందీ అడుగుతారు. "ఒక్క ఏడాది ఆగు," అంది. మరుసటి ఏడాదీ అదే మాట అంది. ఎన్నాళ్ళని ఆగుతాడు? ఇంకో పిల్లని చేసుకున్నాడు. లమై ఆ పేరు మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టి ఉంటే సోంబత్‌కి హాయిగా ఉండేది.

మొదట పదేళ్ళు అబద్ధాన్ని జాగ్రత్తగానే మోశారు. క్యాంపు విందులకి లమై పట్టుబట్టలు కట్టుకుని థవిన్ పక్కన కూర్చునేది. తరవాత కర్నళ్ళు మారారు, ఫైళ్ళు చూసే గుమస్తాలు మారారు, లోకం కూడా కొంచెం మారింది. థవిన్‌కి జ్వరమొస్తే గంజి తెచ్చేది సోంబత్. మోటార్‌సైకిల్ వెనక నడుం పట్టుకుని కూర్చునేది సోంబత్. ఎవరూ అడగలేదు, వీళ్ళూ చెప్పలేదు. అబద్ధమాడటానికి బద్ధకమేసింది, అంతే! అలా దాచుకున్నదేమో అందరికీ తెలిసిపోయింది, నమ్మించిందేమో అందరూ మర్చిపోయారు. లమై అంటే ఇప్పుడు సోంబత్ అక్క. పెళ్ళీ పెటాకులూ లేక తమ్ముడి పంచన ఉంటున్న మనిషి. కాగితం ఒక్కటే దేన్నీ మర్చిపోలేదు.

మూడేళ్ళ కిందట లమైకి రొమ్ములో గడ్డ వచ్చింది. తెలిసేసరికి ఎముకల దాకా పాకింది. రోజుకొక మాత్ర మీద బతుకుతోంది. ఆ మాత్ర మామూలు ఆరోగ్య కార్డు మీద దొరకదు. సైనికుడి భార్య కాబట్టి ఇస్తున్నారు. కొత్త చట్టం వస్తోందని రేడియోలో విన్న వారమే థవిన్ ఆస్పత్రి కౌంటర్ దగ్గరికెళ్ళి, ఎవరి సంగతో అడిగినట్టు అడిగాడు, విడాకులైతే భార్యకి వైద్యం ఎన్నాళ్ళుంటుందని. "సంతకం పెట్టిన రోజు దాకా," అంది కౌంటర్లో పిల్ల, తలెత్తకుండా. ఇంట్లో పెళ్ళి మాట అక్కడితో ఆగిపోయింది. సోంబత్ చాటుగా కుట్టించిన రెండు తెల్ల చొక్కాలు బీరువా అడుగుకి పోయాయి.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. నవంబరులో డాక్టరు స్కాన్ చూసి, "మందు బాగా పట్టింది. ఇలాగే ఉంటే ఇంకా చాలా ఏళ్ళు," అన్నప్పుడు లమై సంతోషం పట్టలేక ఏడ్చేసింది. సోంబత్ మనసులో మొదట మెదిలిన మాట 'ఏళ్ళా?' అని. ఒక్క క్షణమే. ఆ క్షణానికి చెప్పు తీసుకుని తనని తనే కొట్టుకోవాలనిపించింది. ఇప్పటికీ అనిపిస్తూనే ఉంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ఒరథై మేడమ్ చేసిన నిర్వాకం చెప్పాడు. లమై రోట్లో మిరపకాయలు దంచుతోంది. థవిన్ గుమ్మంలో కూర్చుని బూట్లకి పాలిష్ పెడుతున్నాడు.

"కార్డు కంప్యూటర్లో పెడతారక్కా. పెట్టగానే నీ పేరొస్తుంది."

"రాదేంట్రా? పెళ్ళాన్ని, నా పేరు రాక కర్నల్ పేరొస్తుందా?"

"నవ్వులాటగా ఉందా నీకు?"

"నవ్వులాట కాదు లమై," అన్నాడు థవిన్, బూటు కింద పెట్టి. "నేను సోంబత్‌తో కాపురం చేస్తున్నానని క్యాంపంతా చెబుతుంది. మరి ఈ భార్య ఎవరు, ఈవిడ పేరు మీద మందులెలా తీసుకున్నావంటారు. దొంగ పెళ్ళంటారు. ముందు మందు ఆపేస్తారు. విచారణా గట్రా తరవాత."

"మేడమ్‌తో నిజం చెప్పేద్దామా? మంచి మనిషి," అన్నాడు సోంబత్.

"మంచి మనిషే," అన్నాడు థవిన్. "మొగుడు మాత్రం కర్నల్. ఆయన చెవిన పడ్డాక ఊరుకున్నారంటే ఆయన ఉద్యోగానికే ఎసరు."

లమై రోకలి ఆపలేదు. "రేపే విడాకులు రాసిచ్చేస్తాను. పీడా పోతుంది."

"ఆ మాటెత్తకు," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

అప్పుడు ఆపింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఒరేయ్, నిజం చెప్పనా?" అంది. "ఈ మాట మీతో అనడం ఇది నాలుగోసారి. అన్నప్పుడల్లా లోపల బుద్ధ భగవానుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను, వీళ్ళు వద్దనాలి, వద్దనాలి అని. నాకు బతకాలనుందిరా. సిగ్గులేని ముండ అనుకో. యాభై నాలుగేళ్ళొచ్చి, మీ ఇద్దరికీ అడ్డంగా కూర్చుని, నాకింకా బతకాలనే ఉంది."

సోంబత్‌కి నవంబరు గుర్తొచ్చింది. నోరు విప్పితే అదే బయటపడుతుందని భయమేసి, రోకలి తీసుకుని మిగిలిన మిరపకాయలు తనే దంచాడు.

"ఒకటే దారి," అన్నాడు థవిన్ చివరికి. "ఊరికే వద్దంటే ఆవిడ వదలదు. మేమిద్దరం ఏమీ కామని చెప్పాలి. మేమే కాదన్నాక పేర్లెలా రాస్తారు?"

"ఔననే వీల్లేనన్నాళ్ళూ ఎవడూ అడగలేదు. ఇప్పుడు ఔననండి బాబూ అని బతిమాలుతుంటే కాదనాలా?" సోంబత్ నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. "నేను చెబుతాలే సార్జెంటూ. నీకు అబద్ధం చేతకాదు."

మర్నాడు సాయంత్రం కర్నల్ గారింటి వరండాలో నలుగురైదుగురు ఆడవాళ్ళు మల్లెదండలు కట్టడం సాధన చేస్తున్నారు. ఒరథై ఇద్దరికీ చల్లటి లాంగన్ పళ్ళ రసం ఇచ్చింది. కర్నల్ తనే ఎదురొచ్చి సోంబత్ భుజం మీద చెయ్యేశాడు.

"నేను కొత్త లెఫ్టినెంట్‌గా ఇక్కడున్నప్పుడు నీ వెనక ఎన్ని వెకిలి మాటలన్నానో నీకు తెలీదు," అన్నాడు.

"తెలుసు సార్. కుర్చీ ఎదురుగా అద్దముంటుంది."

కర్నల్ గట్టిగా నవ్వి, వెంటనే ఆపేశాడు. "అందుకే ఈ పెళ్ళి నా చేతుల మీద జరగాలనుకున్నాను. కార్డులు తెచ్చారా?"

థవిన్ మడమలు కలిపి నిటారుగా నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మెడ మీద నరం కొట్టుకోవడం పక్కనుంచి సోంబత్‌కి కనిపిస్తోంది. ఆ మెడ వెనక వెంట్రుకలు పాతికేళ్ళుగా తను కత్తిరిస్తున్నవి.

"సార్, పొరపాటు జరిగింది," అన్నాడు సోంబత్. "సార్జెంట్ గారు మా అక్క మొగుడు."

దండలు కట్టే చేతులు ఆగిపోయాయి. ఒరథై ముందు నవ్వింది. "ఇంకా ఎందుకయ్యా భయం? రోజులు మారాయి. ఎవరూ మిమ్మల్నేమీ అనరు."

"భయం కాదు మేడమ్. మా అక్క లమైనే సార్జెంట్ గారి భార్య. ఆఫీసు ఫైల్లో ఉంటుంది, చూడండి."

"థవిన్?" అన్నాడు కర్నల్.

"నిజమే సార్. లమై నా భార్య. సోంబత్ నా బావమరిది." పరేడ్‌లో అరిచినట్టు గోడ వైపు చూస్తూ అన్నాడు థవిన్. "అంతకుమించి మా మధ్య ఏమీ లేదు, ఏనాడూ లేదు సార్."

ఆ చివరి మాట ముందుగా అనుకున్నదాంట్లో లేదు.

తిరిగొచ్చేటప్పుడు మోటార్‌సైకిల్ మీద సోంబత్ నడుం పట్టుకోలేదు, వెనక కమ్మీ పట్టుకున్నాడు. మైదానం దాటాక థవిన్ వేగం తగ్గించాడు.

"ఏనాడూ లేదని అనకుండా ఉండాల్సింది," అన్నాడు.

"అంటేనే కదా నమ్ముతారు," అన్నాడు సోంబత్. అతని గొంతు అతనికే పరాయిగా వినిపించింది.

అక్కడితో అయిపోయిందనుకున్నారు ముగ్గురూ. కానీ క్యాంపు కళ్ళారా చూసినదాన్ని చూడలేదని ఎలా అనుకుంటుంది? ఫైలు తీశారు. లమై నిజంగానే భార్య. అయితే ఇన్నేళ్ళూ మనం చూసిందేమిటి, అని రెండు రోజులు జుట్టు పీక్కుని, మూడో రోజుకి ఎవరికి వాళ్ళే తేల్చేసుకున్నారు. కట్టుకున్న పెళ్ళాం జబ్బుతో పడుంటే, అదే ఇంట్లో, ఆమె తోడబుట్టినవాడితోనా! ఛీ ఛీ, ఏం మనుషులమ్మా! మొన్నటిదాకా 'పెళ్ళెప్పుడు బాబాయ్' అని ఆటపట్టించిన సిపాయిలు కటింగ్‌కి బజారుకి పోసాగారు. వీపు మీద పడుతున్న చూపుల్ని సోంబత్ అద్దంలో చూసుకుంటూ ఖాళీ కుర్చీ తుడుచుకునేవాడు. ఆడవాళ్ళు మాత్రం పూటకొకరు చొప్పున కాకరకాయ సూప్ పట్టుకుని లమై దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆమె చెయ్యి పట్టుకుని, వంటింటి వైపు చురచురా చూసి, నిట్టూర్చి వెళ్ళేవాళ్ళు. లమై తల వంచుకుని సూప్ తాగేది. ఏం చేస్తుంది మరి?

ఇరవై మూడో తారీకున క్యాంపు తరఫున ఇద్దరమ్మాయిలు పెళ్ళి చేసుకున్నారు. ఒకామె నర్సు సార్జెంటు, రెండో ఆమె బడి పంతులమ్మ. పొద్దుటి నుంచీ లౌడ్ స్పీకర్లో వాళ్ళ పేర్లు మోగుతూనే ఉన్నాయి. థవిన్ కావాలనే ఆ రోజు గేటు డ్యూటీ వేయించుకున్నాడు. సోంబత్ షాపు తెరవలేదు.

సాయంత్రం ఒరథై వేడుక నుంచి తిన్నగా ఏడో నంబరుకి వచ్చింది. ఆమె రవికకి గుచ్చిన మల్లెలు ఇంకా వాడలేదు. గుమ్మంలో చేతులు జోడించిన సోంబత్‌ని చూడనట్టే దాటుకుని లోపలికి వెళ్ళింది. అతను వంటింట్లోకి తప్పుకున్నాడు. లమై మాత్ర వేసుకునే వేళ కూడా అయింది. డబ్బాలోంచి ఒకటి తీసి, గ్లాసులో నీళ్ళు పోసి నిలబడ్డాడు. ఆ క్వార్టర్ల గోడలు చెక్కవి, అవతల ఆవులించినా వినిపిస్తుంది.

"లమై, నన్ను క్షమించు తల్లీ," అంటోంది ఒరథై. "నీకెంత అవమానం చెయ్యబోయాను! నా చేతులతో నీ మొగుడికి నీ తమ్ముడితో పెళ్ళి చెయ్యబోయాను."

"ఫరవాలేదు మేడమ్. మీకు తెలీదు కదా."

"నీకు తెలుసుగా! ఎలా భరించావే ఇన్నేళ్ళూ? చూడు, ఇక నువ్వు భరించక్కర్లేదు. ఇదివరకు మొగుడు మగాడితో పోతే పెళ్ళాం నోరు మూసుకోవాల్సి వచ్చేది. కొత్త చట్టంలో అలా కాదు. విడాకులు అడగొచ్చు. ఆ రెండోవాడి మీద కేసూ వెయ్యొచ్చు, వాడు మగాడైనా సరే. లాయర్ని నేను పెడతాను. నువ్వు ఊఁ అను చాలు."

వంటింట్లో సోంబత్ చెక్క గోడకి దగ్గరగా జరిగాడు. ఎవరి కోసమైతే వచ్చిందో ఆ చట్టమే చివరికి తనని వెతుక్కుంటూ తన ఇంటికే వచ్చింది! చెప్పక్కా, అనుకున్నాడు. వాడు నా మొగుణ్ణి ఎత్తుకుపోయినవాడు కాదు, ఆ మనిషి మొదట్నించీ వాడివాడే అని ఒక్కసారి చెప్పు. ఆ వెంటనే చేతిలో మాత్ర కనిపించింది. వద్దక్కా, చెప్పకు, అనుకున్నాడు.

ఆరయింది. బయట స్పీకర్లో జాతీయగీతం మొదలైంది, జెండా దించుతున్నారు. ముందు గదిలో కుర్చీలు జరిగిన చప్పుడు. క్యాంపులో ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయే సమయమది. గోడకి అవతల వాళ్ళిద్దరూ, ఇవతల సోంబత్ ఒక చేత్తో మాత్ర, ఒక చేత్తో గ్లాసు పట్టుకుని, నిటారుగా నిలబడ్డారు. గేటు దగ్గర థవిన్ కూడా సెల్యూట్ చేస్తూ ఉండి ఉంటాడు.

పాట ఆగింది. లమై గొంతు సన్నగా వచ్చింది.

"వాడు నా చేతుల మీద పెరిగాడు మేడమ్. వాడి మీద కేసేమిటి? క్షమించాను. ఇద్దర్నీ క్షమించేశాను. విడాకులొద్దు నాకు."

"దేవతవమ్మా నువ్వు," అని ఒరథై బావురుమంది.

ఆవిడ వెళ్ళాక లమై వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. తలెత్తలేకపోయింది.

"విన్నావా?"

"విన్నాను."

"ఏం తప్పు చేశావని నిన్ను క్షమించానురా నేను!" ఆమె గడప మీద కూలబడింది. "నా బతుకు తీపి తగలెయ్య! మీ బతుకుల మీద మన్నుపోసి, పైగా క్షమించానట! ఎంత మాటన్నాను!"

సోంబత్ ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుని మాత్ర చేతిలో పెట్టాడు. ఆమె మింగలేదు, దాన్నే చూస్తోంది.

"చేశానక్కా," అన్నాడు. ఇక దాచుకోవడం అతని వల్ల కాలేదు. "తప్పు ఒకటి చేశాను. నవంబరులో, డాక్టరు ఇంకా చాలా ఏళ్ళు అన్నాడు చూడు, అప్పుడు నేను..."

"తెలుసు," అంది లమై. "ఆ రోజే నీ మొహం చూశాను. క్షమించానన్నప్పుడు దాన్ని కూడా కలుపుకునే అన్నానులే."

మాత్ర నోట్లో వేసుకుంది. సోంబత్ తనే గ్లాసు పట్టుకుని నీళ్ళు తాగించాడు.